పాత కార్లు, కొత్త ఫోటోగ్రాఫర్లు: తొమ్మిది తిరుగులేని చిట్కాలు

ఆదివారం పొద్దున హుస్సేన్‌సాగర్ ఒడ్డున వరసగా నిలబెట్టిన పాత కార్లను మీరు చూసే ఉంటారు. అంబాసిడర్లు, ఫియట్లు, ఓ స్టాండర్డ్ హెరాల్డ్, మధ్యలో ఎవరిదో విల్లీస్ జీపు. కాస్త ఎడంగా, పేదింటి పెళ్లికొచ్చిన కలవారి చుట్టాల్లా, ఎర్రగా పసుప్పచ్చగా నాలుగు స్పోర్ట్స్ కార్లు. వాటి చుట్టూ ఫోన్లు పైకెత్తిన జనం. ఆ జనంలో చిలకపచ్చ చొక్కా వేసుకుని, అందరికన్నా ముందు, అందరికీ అడ్డంగా నిలబడి ఉండేవాణ్ణి నేనే.

పదేళ్లుగా ఈ విద్యలో ఉన్నాను. నా దగ్గర 11,000 ఫోటోలున్నాయి. ఇంతవరకు ఒక్కదాన్నీ ఎవరూ ఫ్రేము కట్టించుకోలేదన్నది నిజమే. అయినా 11,000 అంటే 11,000. కొత్తగా కెమెరా కొనుక్కున్న కుర్రాళ్లు "అన్నా, ఎట్ల తీస్తవ్?" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక, నా అనుభవసారమంతా తొమ్మిది చిట్కాలుగా కుదించి ఇక్కడ పెడుతున్నాను. తు.చ. తప్పకుండా పాటించండి.

1. తొందరేం లేదు, పదకొండింటికి వెళ్లండి

ఈ కార్లవాళ్లకు ఓ పిచ్చి అలవాటుంది. తెల్లారీతెల్లారకముందే, ఆరింటికల్లా వచ్చేస్తారు. తొమ్మిదికి సగంమంది వెళ్లిపోతారు. కారణం అడిగితే, ఎండ ముదిరి ట్రాఫిక్ పెరిగాక పాత బండి రేడియేటర్ మరిగిపోతుందంటారు. స్పోర్ట్స్ కార్లవాళ్లకు స్పీడ్ బ్రేకర్ల భయం. నేలకు జానెడెత్తు కూడా ఉండని బండిని రద్దీలో, వెనక హారన్లు మోగుతుండగా, ఐమూలగా స్పీడ్ బ్రేకర్ ఎక్కించాలంటే ఎవరికైనా చెమటలు పడతాయి.

వాళ్ల బాధలతో మనకు పని లేదు. ఆదివారం అన్నాక పెసరట్టు తిని, రెండో కాఫీ తాగి, నింపాదిగా బయల్దేరాలి. పొద్దుటి ఏటవాలు ఎండలో బానెట్ మీద మొదలైన గీత తలుపుల మీదుగా డిక్కీ దాకా ఎలా సాగిందో కనబడుతుందని కొందరు ఊరిస్తారు. పదకొండింటి ఎండలో ఆ గొడవే ఉండదు. కారు టాపు తెల్లగా కాలిపోయి ఉంటుంది, కింద సగం బొగ్గులా ఉంటుంది. మధ్యలో క్రోమ్ బంపర్ కళ్లలో సూదిలా గుచ్చుకుంటుంది. ఫోటో చూసినవాళ్లు కళ్లు చిట్లిస్తారు. అంటే శ్రద్ధగా చూస్తున్నారన్నమాట.

మబ్బు పట్టిన రోజున అసలు గడప దాటకండి. ఆకాశమంతా స్టూడియోలో కట్టిన తెల్లగుడ్డలా మారి, వెలుతురు నాలుగు వైపులా సమంగా పడి, కారు రంగు ఉన్నది ఉన్నట్టుగా వచ్చేస్తుంది. అందులో మన ప్రతిభ ఏముంది?

2. చొక్కా చిలకపచ్చదై ఉండాలి

కారంటే చక్రాల మీద నిలబెట్టిన అద్దం. పాలిష్ పెట్టిన తలుపు, క్రోమ్ బంపర్, వీల్ క్యాప్, హెడ్‌లైట్ చుట్టూ ఉండే రింగు, అన్నింటిలోనూ ఎదురుగా ఉన్నది పడుతుంది. ఈ రహస్యం తెలిసిన కొందరు పిరికివాళ్లు నల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకొచ్చి, తాము ఫోటోలో పడకుండా పక్కకు జరిగి జరిగి తీస్తారు. తీసినవాడు కనపడని ఫోటోకి సాక్ష్యం ఏముంటుందండీ? రేపు అదే ఫోటో ఎవరైనా తమదంటే?

చిలకపచ్చ చొక్కాతో ఆ ఇబ్బంది లేదు. నల్ల అంబాసిడర్ తలుపులో నేను పొలం గట్టులా మెరుస్తుంటాను. తెల్ల ఫియట్ మీద పసరు పోసినట్టుంటాను. నా ఫోటో ఎక్కడున్నా నాదేనని తెలిసిపోతుంది.

కెమెరా ముందు పోలరైజర్ అని ఒక నల్లద్దం బిగించుకుని, దాన్ని గుండ్రంగా తిప్పుతూ నిలబడేవాళ్లు మీకు కనబడతారు. ఒక కోణానికి రాగానే ముందద్దం మీది మెరుపు మాయమై లోపలి స్టీరింగు కనబడుతుంది, పెయింటు మీది తెల్లటి పొర పోయి అసలు రంగు బయటపడుతుంది. వట్టి లోహపు క్రోమ్ మీద మాత్రం అది పనిచేయదు. నేనూ ఒకటి కొన్నాను. తిప్పాలని తెలియక ఏడాదిపాటు చలువకళ్లద్దాల్లా వాడాను. ఫోటోలు చల్లగానే వచ్చాయి.

3. ఎర్రనిదల్లా ఫెరారీ, పాతదల్లా వింటేజ్

కార్లను గుర్తుపట్టడానికి పుస్తకాలు తిరగేయనక్కర్లేదు. రెండే సూత్రాలు. ఎర్రగా ఉండి నేలకు అతుక్కుని ఉంటే ఫెరారీ. గుండ్రటి హెడ్‌లైట్లుంటే వింటేజ్. గట్టిగా, పదిమందికి వినబడేలా చెప్పాలి. గొంతులో నమ్మకం ఉంటే ఆ కారు యజమానికే అనుమానం వస్తుంది.

ఈ రెండో సూత్రం దగ్గరే నాకు పెద్దాయనతో పరిచయమైంది. పెద్దాయనంటే హెరాల్డ్ ఓనరు. తెల్ల లాల్చీ, చేతిలో ఎప్పుడూ ఓ గుడ్డముక్క. ఆయన బండి ముందు నిలబడి "అబ్బ, ఏం వింటేజ్ కారండీ!" అన్నాను. ఆయన నవ్వి మొదలుపెట్టారు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య లెక్కలో వింటేజ్ అంటే 1919 నుంచి 1930 లోపు తయారైనవేనట. దానికి కాస్త ముందువి వెటరన్‌లట. 1931 నుంచి 1945 దాకా పోస్ట్ వింటేజ్ అట. మన ప్రభుత్వం మాత్రం 2021లో తెచ్చిన నిబంధనల్లో యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్ అనిందట. కొత్తగా అలా రిజిస్టర్ చేయిస్తే నంబరులో రాష్ట్రం పేరు తర్వాత 'వీఏ' అని వస్తుందట. ప్రదర్శనకో ర్యాలీకో బాగుచేయించడానికో తప్ప రోజువారీ తిప్పకూడదట. "కాబట్టి నువ్వన్నది చట్టం ప్రకారం ఒప్పే, చరిత్ర ప్రకారం తప్పు బాబూ" అన్నారు. అప్పటికి నేను మూడు కార్లు దాటిపోయాను.

ఎరుపు సంగతికొస్తే, అది మొదట ఫెరారీది కాదట, ఇటలీదట. తొలినాళ్ల పందేల్లో దేశానికో రంగు ఉండేది. ఇటలీకి ఎరుపు, ఇంగ్లండుకు ఆకుపచ్చ, ఫ్రాన్సుకు నీలం, జర్మనీకి తెలుపు, తర్వాత వెండిరంగు. ఇవన్నీ గుర్తుపెట్టుకుంటే ఎరుపు చూడగానే కంగారు పుట్టి, ముక్కు మీది బొమ్మ గుర్రమో ఎద్దో వంగి చూడాల్సివస్తుంది. మనకంత నడుము లేదు. ఇదే సూత్రంతో నేను ఓ ఎర్ర శాన్ స్టార్మ్‌ను ఫెరారీ అని నలభైమందికి పరిచయం చేశాను. తొంభయ్యవ దశకం చివర్లో మన దేశంలోనే ఫైబర్ బాడీతో తయారైన రెండు సీట్ల బండి అది. వీధిలో కనబడటం ఫెరారీ కనబడటంకన్నా కష్టమట. ఆ సంగతి తెలిసుంటే ఇంకో ఫోటో తీసేవాణ్ణేమో.

మరో మాట. మారుతి 800 వైపు చూడకండి. 1983 డిసెంబరులో వచ్చిన మొదటి మోడల్, ఆ డబ్బాలాంటి చిన్నది, ఒకటి ఓ మూల నిలబడి ఉంటుంది. నలభై ఏళ్లు దాటినా దాన్ని మనం పాత కారు కింద లెక్కవేయం. మన చిన్నప్పుడు చూసింది పాతదైతే మనమేమైనట్టు?

4. కారును కాదు, నంబరును తీయండి

తెలుగువాడికి కారుకన్నా నంబరు ముఖ్యం. 9999 కోసం వేలంపాటలో కారు ఖరీదంత పోసినవాళ్లున్న నేల మనది. కాబట్టి ఫోటోలో మూడొంతులు నంబరు ప్లేటే ఉండాలి. అంకెలు కూడితే ఎంత వస్తుందో కింద రాయాలి.

పాత నంబరు ప్లేట్లను మాత్రం పట్టించుకోకండి. పెద్దాయన హెరాల్డ్ మీద నల్లరేకు, తెల్లటి అక్షరాలు. ఏపీ తర్వాత ఇంకో అక్షరం, ఆ పక్కన నంబరు, అంతే. 1989కి ముందు ఇలాగే ఉండేవట. ఆ తర్వాత ఏపీ 09 లాంటివి వచ్చాయి. 2014లో రాష్ట్రం విడిపోయాక మన వైపు టీఎస్ అయింది, 2024 నుంచి టీజీ. వరసలో నిలబడ్డ నాలుగు బండ్ల ముందు అటునుంచి ఇటు నడిస్తే రాష్ట్రం కథంతా రేకుల మీద చదివేయొచ్చునంటారు పెద్దాయన. నేనూ నడిచాను. ఒక్క ఫ్యాన్సీ నంబరు కూడా లేదు.

ఇక తీసిన నంబరును దాచుకోకండి. ఓనరు పేరు, ఆయన ఉండే కాలనీ, బండి పెట్టే షెడ్డు ఆనవాళ్లతో సహా పదిమందికీ పంచండి. కోట్ల రూపాయల బండి ఏ సందులో ఏ గేటు వెనక రాత్రిళ్లు ఒంటరిగా ఉంటుందో తెలుసుకునే హక్కు లోకానికి లేదూ? ప్లేటు మీద మసక పెట్టి ఫోటో పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలి.

5. ముట్టుకుంటేనే కారు

చౌమహల్లా ప్యాలెస్‌లో ఓ పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చారు. అది చేతికందకముందే 1911లో ఆయన పోయారు. లండన్‌లో బార్కర్ వాళ్లు బాడీ కట్టారు. వెనక సీటును సింహాసనంలా మలిచారు. ఊరేగింపులకే వాడటంతో, నూరేళ్లు దాటినా అది తిరిగింది కొన్ని వందల మైళ్లేనంటారు. అంత గొప్ప బండి, ఏం లాభం? ముట్టుకోనివ్వరు.

ఆదివారం కార్ల దగ్గర ఆ అడ్డు లేదు. కాబట్టి చేరగానే తలుపుకు ఒరగండి. బెల్టు బకిల్, ప్యాంటు జేబు మీది ఇత్తడి గుండీ, మెడలో వేలాడే కెమెరా, భుజాన బ్యాగు జిప్పు, ఇవన్నీ పెయింటు మీద చిత్రమైన గీతలు గీస్తాయి. అవి మన సంతకాలు. పిల్లలుంటే బానెట్ మీద కూర్చోబెట్టండి. దుమ్ము కనబడితే జేబురుమాలుతో గట్టిగా రుద్దండి. ఆ దుమ్ములోని ఇసుకరేణువు ఒక్కొక్కటీ ఉప్పుకాగితంలా పనిచేసి, ఎండ తగిలినప్పుడు సాలెగూడు లాంటి ముగ్గు వేస్తుంది. పెద్దాయన నెలలు పట్టి వేయించిన రంగుకు అలంకారం లేదని నాకు మొదట్నుంచీ అనిపించేది.

హెరాల్డ్ బానెట్ మామూలు బండ్లలా తెరుచుకోదు. రెండు పక్కలా చెరో కొండి తీస్తే, మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా మొసలి నోరు తెరిచినట్టు ముందుకు వాలుతుంది. ఇంజను పక్కన టైరు మీదే కూర్చుని రిపేరు చేసుకోవచ్చు. నాకది తెలియదు. అద్దం దగ్గర వేళ్లు దూర్చి పైకి లాగాను. పెద్దాయన గుడ్డముక్క పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఆ వయసులో ఆయన అంత వేగంగా నడవగలరని ఆ రోజే తెలిసింది. ఆయన ఆరోగ్యానికి నావంతు మేలు.

6. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "లీటరుకి ఎంతిస్తుంది?"

కారెదుట ఓనరు కనబడితే మౌనంగా ఉండటం మర్యాద కాదు. 1960ల నాటి బండి అయినా, పన్నెండు సిలిండర్ల స్పోర్ట్స్ కారైనా, మొదటి ప్రశ్న మైలేజే. రెండోది "ఎంతకిస్తారు?" మూడోది ప్రశ్న కాదు, ప్రకటన: "మా తాతగారికీ ఇలాంటిది ఉండేది." మా తాతగారికి సైకిలుండేది. ఆ తేడా అక్కడ చెప్పనక్కర్లేదు.

జవాబు వినకూడదు. వింటే చిక్కుకుపోతారు. పెద్దాయన ఓసారి నన్ను అలాగే పట్టుకున్నారు. మైలేజ్ అడిగితే, ఆ హెరాల్డ్‌ను గీసిన మికెలొట్టి అనే ఇటలీ డిజైనర్ దగ్గర మొదలుపెట్టారు. 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ పేరుతో వచ్చిందట. రెండేళ్లకు మద్రాసులో స్టాండర్డ్ మోటార్స్ వాళ్లు మొదలుపెట్టారట. ఈ బండి మద్రాసులో పుట్టి, రోడ్డు మీదే హైదరాబాదుకు వచ్చిందట. 25 అడుగుల వలయంలో గిర్రున తిరిగేస్తుందట. అందుకే ఇరుకు సందుల్లో ఆయన ఇప్పటికీ ఎవరికీ లొంగరట.

అక్కడితో ఆపారా? రబ్బరు బీడింగుల కోసం రాణిగంజ్‌లో దుకాణం దుకాణం తిరిగిన కథ. దొరకని బుష్‌ను లేత్ దగ్గర కూర్చుని చేయించుకున్న కథ. కార్బొరేటర్ విప్పి బిగించడం తెలిసిన మేస్త్రి ఒక్కడే మిగిలాడని, అతని కొడుకు ఇప్పుడు ఏసీలు బాగుచేస్తున్నాడని. "మేస్త్రి పోతే బండి ఆగిపోతుంది బాబూ. బండికి ఆయుష్షు ఇనుములో ఉండదు, తెలిసిన చేతిలో ఉంటుంది" అన్నారు. నేను తలూపుతూనే ఫోన్ చూసుకున్నాను. ఇంతకీ లీటరుకి ఎంతిస్తుందో చెప్పనేలేదు.

7. స్పోర్ట్స్ కారు కనబడితే "సౌండ్ ఇయ్యన్నా!"

స్పోర్ట్స్ కారు కంటికి కాదు, చెవికి. అది ఆగగానే చుట్టూ మూగి "అన్నా, ఒక్కసారి సౌండ్ ఇయ్యన్నా!" అని అరవాలి. ఇంజను ఇంకా చల్లగా ఉంది, ఆయిల్ వేడెక్కక ముందే రేజ్ చేస్తే లోపల అరుగుతుంది అని ఓనరు గొణుగుతాడు. ఇంజను అతనిది, ఆనందం మనది. సరిగ్గా సైలెన్సర్ వెనక నిలబడి తీయండి. ప్యాంటు కాలితే అదో జ్ఞాపకం.

పోర్షె 911 కనబడితే ముందు బానెట్ తెరవమనండి. అందులో ఇంజను ఉండదు, సామాన్లు పెట్టుకునే గొయ్యి ఉంటుంది. ఇంజను వెనక చక్రాలకు కూడా వెనక. నేను "మీ ఇంజను ఎవరో ఎత్తుకుపోయారు సార్" అని హెచ్చరించాను. ఆ కుర్రాడు పాపం మర్యాదగా నవ్వి ఇంకో కథ చెప్పాడు. 1963లో మొదటిసారి చూపించినప్పుడు దాని పేరు 901 అట. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావి అని పేజో కంపెనీ అభ్యంతరం పెడితే 911 చేశారట. అంకెల కోసం పట్టుబట్టడం మనకొక్కళ్లకే సొంతం కాదని తెలిసి గర్వంగా అనిపించింది.

కదిలే కారును తీయాలంటే షటర్ వేగం ఎంత ఉంటే అంత పెట్టండి, సెకనులో రెండువేలో వంతు. నూరు కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి కూడా చక్రాల చువ్వలతో సహా బిగుసుకుపోయి, పార్కింగులో నిలబెట్టినట్టు వస్తుంది. కొందరు అరవయ్యో వంతు పెట్టుకుని, నడుము తిప్పుతూ కారుతోపాటు కెమెరా తిప్పుతారు. కారు స్పష్టంగా, చక్రాలు సుడిగా, వెనక చెట్లు గీతలుగా వస్తాయి. ఇరవైసార్లు తీస్తే ఒక్కటి కుదురుతుంది. మనకంత ఓపికుంటే పదకొండింటికి ఎందుకు వెళ్తాం?

అంతకన్నా తేలికమార్గం, ముందు పోయే కారు డిక్కీ తెరిచి అందులో కూర్చుని తీయడం. అవుటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్లుంది. బైకులను రానివ్వరు, కాళ్లు వేలాడేసుకోవడానికి విశాలంగా ఉంటుంది. ఓసారి మేమూ అలాగే వెళ్లాం. ఆ రోజు ఫోటోల్లో ఒక్కటే అద్భుతంగా వచ్చింది. కారు నిలువునా ఉంది, నంబరు ముత్యంలా ఉంది, వెలుతురు సమంగా పడింది, తేదీ, సమయం, వేగం కూడా ఉన్నాయి. అది పోలీసు కెమెరా తీసింది. చలానాతో పాటు ఇంటికి వచ్చింది.

8. వంగకండి, వెనక్కి జరగకండి

నిలబడ్డ ఎత్తునుంచే తీయండి. హెడ్‌లైటు ఎత్తుకు వంగితే కారు ముఖంలోకి చూస్తున్నట్టుంటుందని, బండికి ఠీవి వస్తుందని అంటారు. మోకాళ్ల నొప్పులు కూడా వస్తాయి.

ఫోన్‌ను కారు ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టండి. ముందు భాగం గుమ్మడికాయంత, వెనక భాగం నిమ్మకాయంత వస్తాయి. పది అడుగులు వెనక్కి వెళ్లి జూమ్ చేస్తే కారు తయారుచేసినవాడు అనుకున్న ఆకారంలోనే వస్తుంది. ఆ ఆకారం అందరూ చూసిందే.

వెనక ఏముందో చూడకండి. దీపస్తంభం సరిగ్గా టాపులోంచి మొలిచినట్టుండాలి. పక్కన బిర్యానీ బ్యానరు, చెత్తకుండీ ఉంటే ఊరు కూడా తెలుస్తుంది. ముందు చక్రం కొంచెం తిప్పి పెడితే దాని ముఖం కెమెరా వైపుకు వచ్చి బండి కదలబోతున్నట్టుంటుంది. పెద్దాయన తనంతట తనే స్టీరింగు తిప్పి చూపించారు. హెరాల్డ్ చక్రం ఎంత తిరుగుతుందో, పూర్తిగా పక్కకు చూస్తూ నిలబడింది. ఇంకా ఏదో చెప్పబోయారు. నేను వద్దని వారించి, వీల్ క్యాప్‌కు జానెడు దూరంలో కూర్చుని అదే తీశాను. వంగకూడదన్న నా నియమాన్ని తప్పింది ఆ ఒక్కసారే. అందులో నా చొక్కా బాగా పడింది మరి.

9. ఇంటికొచ్చాక అసలు పని మొదలు

తీసినదాన్ని తీసినట్టు వదిలేస్తే అది ఫోటో, వండితేనే కళ. కొత్త బండికి ముదురు గోధుమరంగు పులమండి, పాతదవుతుంది. పాత బండికి మెరుపు పెంచండి, ప్లాస్టిక్ బొమ్మవుతుంది. ఆకాశాన్ని ఊదారంగు చేయండి. చివరగా మీ పేరు, పక్కన ఫోటోగ్రఫీ అన్న మాట, ఆ పక్కన ఫోన్ నంబరు, కారుకు ఈ చివరినుంచి ఆ చివరిదాకా రాయండి. కారు పేరు రాయడానికి చోటు మిగలకపోతే మరీ మంచిది. అది మనకు తెలియదు కదా.

చివరి మాట

పోయిన నెలలో పెద్దాయన ఫోన్ చేశారు. నంబరు ఎలా దొరికిందన్నాను. ఫోటోల మీద కారంత అక్షరాల్లో వేసుకున్నావు కదా బాబూ అన్నారు.

"బండి ఇచ్చేస్తున్నాను. పిల్లలు డాలస్‌లో ఉన్నారు, మమ్మల్నీ రమ్మంటున్నారు. చెన్నైలో ఓ కుర్రాడు తీసుకుంటున్నాడు. లీటరుకి ఎంతని అడగలేదు, కార్బొరేటర్ విప్పి చూడొచ్చా అని అడిగాడు. సరే, పుట్టింటికి పోతుందిలే అనుకున్నాను. విషయమేంటంటే, నా దగ్గర దాని ఫోటో సరైంది ఒక్కటీ లేదు. రోజూ ఎదురుగా ఉండేదానికి ఫోటో ఎందుకనుకున్నాం. నువ్వు ప్రతి ఆదివారం తీసేవాడివి కదా. ఒక్కటి పంపించు. బండంతా కనబడేది."

11,000 ఫోటోలూ వెతికాను. హెరాల్డ్‌వి 214 దొరికాయి. నంబరు ప్లేటు ఉంది. గుమ్మడికాయలాంటి హెడ్‌లైటు ఉంది. టాపులోంచి మొలిచిన దీపస్తంభం ఉంది. తలుపు మీద చిలకపచ్చగా నేనున్నాను. బండంతా ఉన్నది ఒక్కటీ లేదు.

వీల్ క్యాప్ ఫోటో దగ్గర ఆగాను. గుండ్రటి క్రోమ్ మధ్యలో నేను, కెమెరా మొహానికి పెట్టుకుని. దాన్ని పెద్దది చేసి చూస్తే, నా భుజం పక్కన, వెనకగా, వేలెడంత పెద్దాయన. తెల్ల లాల్చీ, చేతిలో గుడ్డముక్క. ఏదో చెప్పాలని నోరు తెరిచి, నా పని అయ్యేదాకా ఆగుదామని నిలబడిన మనిషి.

కత్తిరించేద్దామనే వేలు పెట్టాను. అలవాటు ప్రకారం పక్కన పడినవాళ్లను తీసేస్తుంటాను. వేలు కదల్లేదు. ఫోన్ పాతదైపోయినట్టుంది. ఉన్నదున్నట్టే పంపించాను.

కాసేపటికి జవాబు వచ్చింది. "బాగుంది బాబూ. ఆ రోజు నీకు ఒక మాట చెబుదామనే నిలబడ్డాను. పనిలో ఉన్నావని ఊరుకున్నాను. నాలుగడుగులు వెనక్కి జరిగితే బండంతా పడుతుందని. లారీ సోమవారం వస్తుంది. ఆదివారం ఆరింటికి రాగలవా?"

నల్ల చొక్కా ఒకటి ఇస్త్రీకి ఇచ్చాను. ఇది చిట్కాల్లో లెక్క కాదు. పాఠకులు పాటించనక్కర్లేదు.